పిన్ను దూరుతుంది, పాట పలకదు

మా రోజుల్లో రేడియోను వెనక్కి తిప్పితే దాని సంగతి మొత్తం అక్కడే తెలిసిపోయేది. ఏరియల్ తీగకు ఒక కంత, ఎర్తుకు ఒక కంత. గ్రామఫోను పికప్ తగిలించుకోవడానికి రెండు కంతలు, వాటి పక్కన చిన్న రికార్డు బొమ్మ. ఇంకో గదిలో స్పీకరు పెట్టుకుంటామంటే దానికీ రెండు, పక్కన స్పీకరు బొమ్మ. అక్షరం రానివాళ్లు కూడా బొమ్మ చూసి తీగ పెట్టేవాళ్లు. చాలా సెట్లకు వెనక అట్ట విప్పితే లోపలి వైపు సర్క్యూట్ పటం అతికించి ఉండేది. ఏ వాల్వు ఎక్కడుందో, ఏ రెసిస్టరు విలువ ఎంతో అందులో చూసుకోవచ్చు. తయారుచేసినవాడు కొన్నవాడి దగ్గర ఏమీ దాచుకునేవాడు కాదు.

ఇప్పుడు చిక్కబళ్లాపురంలో మా అమ్మాయి ఇంట్లో ఉన్న టీవీ వెనక చూడండి. ఒకే రకం హెచ్‌డీఎంఐ సాకెట్లు మూడు. అందులో ఒక్కటి మాత్రమే పాటను బయటికి పంపుతుంది, మిగతావి లోపలికి తీసుకునేవి. ఆ తేడా చెప్పే అక్షరాలు నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే అచ్చయి ఉంటాయి. గోడకు బిగించిన టీవీ వెనక టార్చి వేసి, కళ్లద్దాలు పెట్టుకొని, మెడ తిప్పి చదవాలి. నేను వయసు మీద పడి సణుగుతున్నానని మా మనవడు అనుకుంటాడు. సణగడానికి నాకు కారణం ఉంది. అప్పట్లో పిన్ను కుదరకపోతే కుదరలేదని కళ్లకు కనిపించేది. అప్పుడు తెలిసినవాణ్ని వెతుక్కుంటూ పోయేవాళ్లం. ఇప్పుడు పిన్ను చక్కగా కుదురుతుంది, పాట మాత్రం రాదు. ఎందుకు రాలేదో చెప్పేవాళ్లు అంగట్లోనూ లేరు, ఇంట్లోనూ లేరు.

మా ఊరు బాగేపల్లి తాలూకాలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర. ఇప్పుడు చిక్కబళ్లాపురం జిల్లా అంటున్నారు గానీ 2007 వరకు మాది కోలారు జిల్లానే. ఆ కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు పోయింది. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలగడానికి ముందే గనులు వెలిగాయి. అదే జిల్లాలోని మా పల్లెలకు మాత్రం ఆ కరెంటు రావడానికి దశాబ్దాలు పట్టింది. అందుకే మా ఇంటి మొదటి రేడియో బ్యాటరీది. పోస్టాఫీసులో ఏటేటా లైసెన్సు డబ్బు కట్టి, లైసెన్సు పుస్తకంలో బిళ్ల అతికించుకొని, బ్యాటరీ అయిపోతుందని వార్తలకూ పాటలకూ తప్ప తిప్పకుండా విన్నాం. బడిలో కన్నడం చదువుకొని, ఇంట్లో తెలుగు మాట్లాడుకొని, పగలు బెంగళూరు కేంద్రం, సాయంత్రం కడప కేంద్రం, గాలి బాగుంటే సిలోను తెలుగు పాటలు విని పెరిగినవాళ్లం మేము. ఒక పాట చెవిన పడాలంటే ఎంత కష్టమో తెలుసు కనుకనే, ఆ పాట మోసుకొచ్చే తీగంటే మాకు అంత లెక్క.

ఆ రోజులన్నీ బంగారమని నేను చెప్పను. ఏసీ-డీసీ సెట్లని ఉండేవి. వాటిలో ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. లోపలి ఇనుప ఛాసిస్ నేరుగా కరెంటు తీగల్లో ఒకదానికి కలిసి ఉండేది. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే ఛాసిస్ మొత్తానికి కరెంటు పాకేది. అలాంటి సెట్టుకు తెలియక గ్రామఫోను తగిలించి, రికార్డు మార్చబోయి షాకు తిన్నవాళ్లు మా పక్కనే ఉన్నారు. అయితే ఆ ప్రమాదం ఫలానా సెట్టులో ఉందని ఊళ్లో అందరికీ తెలుసు. అంత తెలిసేలా చేసినవాళ్లు రేడియో రిపేరువాళ్లు.

చింతామణిలో బస్టాండుకు దగ్గర్లో ఒక రేడియో సాయిబు ఉండేవాడు. మనిషి నిలబడితే నిండిపోయే అంగడి. గోడ నిండా మేకులు, మేకులకు వైర్లు, బల్ల మీద సోల్డరింగ్ ఐరన్, లెడ్డు, ఫ్లక్స్ డబ్బీ, ఒక మీటరు. నేను పల్లె బడిలో సైన్సు చెప్పేవాణ్ని. పుస్తకంలో ఓమ్ నియమం చెప్పింది నేనే అయినా, అది చెవికి ఎలా వినిపిస్తుందో నేర్పింది ఆయన. ఏ పెట్టె తీసుకుపోయినా విప్పడానికి ముందు మూడు ప్రశ్నలు వేసేవాడు. "అయ్యవారూ, పాట యాడినుంచి వస్తా ఉండాది? ఎంత బలంగా వస్తా ఉండాది? యాడికి పోవల్ల?" ఆ మూడింటికీ జవాబు వచ్చాకే పిన్ను సంగతి. పిన్ను ఆకారం ఆయనకు చివరి మాట. ఇప్పుడు అంగళ్లలో అదే మొదటి మాట, అదే చివరి మాట కూడా అయిపోయింది.

సాయిబు రెండో ప్రశ్నలోనే సగం విద్య ఉంది. అయస్కాంతపు పికప్ ఉన్న రికార్డు ప్లేయరు కొన్ని మిల్లీవోల్టులే ఇస్తుంది. సిరామిక్ పికప్ అయితే వందల మిల్లీవోల్టులు. టేపు రికార్డరు లైన్ అవుట్ దాదాపు మూడోవంతు వోల్టు. స్పీకరుకు పోయే తీగలో అయితే కొన్ని వోల్టుల నుంచి పదుల వోల్టుల దాకా ఉంటుంది. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ పిన్నుకు ఈ తేడాలేవీ తెలియవు, అన్నిటికీ ఒకటే దూరుతుంది. అయస్కాంతపు పికప్‌ను మామూలు సాకెట్లో పెడితే సన్నగా, లోతు లేకుండా, దోమ పాడినట్టు వినిపిస్తుంది. రికార్డు చెక్కేటప్పుడే లోతు స్వరాలు తగ్గించి, సన్న స్వరాలు పెంచి చెక్కుతారు. దాన్ని తిరిగి సరిచేసే ఫోనో సర్క్యూట్ దాటితేనే పాట పాటలా ఉంటుంది. ఆర్‌సీఏ పిన్నును అమెరికాలో అదే పేరున్న రేడియో కంపెనీ తెచ్చింది ఇందుకే, రికార్డు ప్లేయరును రేడియోకు కలపడానికి. అది పుట్టి ఎనభై ఏళ్లు దాటింది. దాని తోడబుట్టినదనిపించే పెద్ద పీ-38 జాక్ ఇంకా పాతది, పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోను ఎక్స్‌ఛేంజీల్లో పుట్టింది. గిటారుకూ కీబోర్డుకూ నేటికీ అదే. అంత కాలం నిలిచిన పిన్నులు ఇవి. ఏటా సాకెట్టు మార్చేవాళ్లు వీటిని చూసి నేర్చుకోవాలి.

అప్పుడు మాత్రం పిన్నులు కుదిరేవా అని మా మనవడు అడిగాడు. కుదిరేవి కావు. ఫిలిప్స్ లాంటి యూరప్ సెట్లకు డిన్ సాకెట్ ఉండేది, గుండ్రంగా ఐదు పిన్నులు. కువైట్ పోయి వచ్చిన రాయచోటి, మదనపల్లె పక్కవాళ్లు తెచ్చే జపాను టూ-ఇన్-వన్‌లకు ఆర్‌సీఏ, లేదంటే సన్న ఈపీ జాక్. ఒకదాని పాట ఇంకోదానికి ఎక్కించాలంటే వైరు బజార్లో దొరికేది కాదు, కట్టించుకోవాల్సిందే. సాయిబు డిన్ పిన్ను విప్పి నాకు చూపించాడు. నడుమది రెండో నంబరు, అది ఎర్తు. టేపు రికార్డరులో అయితే మూడు, ఐదు నంబర్లలో పాట బయటికి వస్తుంది. ఒకటి, నాలుగు నంబర్లలో రికార్డింగుకు లోపలికి పోతుంది. ఎరుపు, తెలుపు పిన్నులకు షీల్డు వైరు కోసి, అల్లిక విప్పి, మెలిపెట్టి, లెడ్డు వేశాడు. పాట వచ్చింది గానీ బలహీనంగా వచ్చింది. డిన్ పద్ధతిలో రికార్డింగు సాకెట్టుకు సిగ్నల్ కావాలనే చిన్నదిగా ఇస్తారట, అవతలి పెట్టె దాన్ని పెంచుకుంటుందన్న నమ్మకంతో. జపాను పెట్టె పెంచుకోదు. దానికి ఒక ట్రాన్సిస్టరుతో చిన్న ప్రీయాంప్ కట్టిచ్చాడు. అందులోని భాగాలు బెంగళూరు ఎస్.పి. రోడ్డు నుంచి తెచ్చినవి. ఆ వైరు మా ఇంట్లో ఇప్పటికీ పనిచేస్తుంది.

మా కాలంలో తీగలకు ఒక సుఖం ఉండేది. వాటిని కోయవచ్చు, విప్పవచ్చు, మళ్లీ కట్టవచ్చు. స్పీకరుకు స్క్రూ టెర్మినళ్లు ఉండేవి, పిన్ను లేకున్నా వట్టి రాగి చాలు. రెండు స్పీకర్లలో ఒకదాని ప్లస్, మైనస్ తారుమారైతే లోతు స్వరాలు ఒకదాన్నొకటి తినేస్తాయి, మృదంగం డొల్లగా వినిపిస్తుంది. ఏది ప్లస్సో చెరిగిపోయిందా? టార్చిలోని ఒకటిన్నర వోల్టు సెల్లు తీసి, ఒక్క క్షణం తాకించాలి. స్పీకరు అట్ట ముందుకు కదిలితే సెల్లు ప్లస్ తాకిన కొస ప్లస్సు. వెనక్కి పోతే మైనస్సు. మా బడిలో ఏడో తరగతి పిల్లలు కూడా ఈ పరీక్ష చేసేవాళ్లు. ఇప్పుడు వేల రూపాయల సౌండ్‌బార్ కొన్నవాళ్లలో ఎందరికి ఇది తెలుసు? చేద్దామన్నా తీగ బయట లేదు.

మొన్న మా ఊరి భజన మందిరంలో జరిగింది చెబుతాను. ఇంత రాస్తున్నది దాని వల్లనే. మా పక్క పల్లెల్లో కైవారం తాతయ్య తత్వాలు, కీర్తనలు లేని భజన ఉండదు. చింతామణి తాలూకా కైవారంలో గాజులమ్మి బతికి, తర్వాత యోగి అయిన నారేయణ యతీంద్రుల పదాలు అవి. ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ పాడాడు కనుక ఈ సరిహద్దు జనానికి రెండు చేతుల ఆస్తి. భజన మొదలయ్యే ముందు జనం చేరేదాకా మైకులో రికార్డు పాటలు వేయడం ఆనవాయితీ. ఇదివరకు క్యాసెట్టు వేసేవాళ్లు. ఈసారి కుర్రవాళ్లు చందాలు వేసుకొని కొత్త మిక్సరు, కొత్త పవర్డ్ స్పీకర్లు తెచ్చారు. వాళ్ల శ్రద్ధను నేను మెచ్చుకుంటాను. ఫోను నుంచి మిక్సరుకు కలిపే వైరు ఆన్‌లైన్‌లో తెప్పించారు. ఒక కొసన ఫోనుకు పెట్టే సన్న స్టీరియో జాక్, రెండో కొసన మైకు వైరుకుండే మూడు పిన్నుల కెనాన్. రెండు కొసలూ చక్కగా దూరాయి.

పాట పెట్టారు. వీణ వస్తుంది, తబలా సన్నగా వస్తుంది, తంబురా ఎక్కడో దూరంగా వస్తుంది. పాడే ఆయన గొంతు మాత్రం లేదు. "తాతా, పాట వస్తా ఉండాది గానీ గొంతు రాలేదు" అని ఒక పిల్లవాడు పరుగెత్తుకొచ్చాడు. ఫోను మార్చారు, స్పీకరు మార్చారు, కరెంటు సరిగా లేదన్నారు. ఒకాయన మాయాబజార్ పాట పెట్టమన్నాడు. 1957 సినిమా కదా, పాటంతా దాదాపు మాయమైపోయింది, కాస్త గుసగుస మిగిలింది. అప్పుడు అందరూ మిక్సరు చెడిపోయిందని తేల్చేసి, వెనక్కి పంపేయాలని డబ్బా వెతకడం మొదలుపెట్టారు.

మిక్సరు నిక్షేపంగా ఉంది. మైకు సాకెట్టు లోపల రెండు తీగల్లో వచ్చేదాన్ని అది కూడిక చేయదు, ఒకదాని నుంచి ఇంకోదాన్ని తీసివేస్తుంది. దూరపు మైకు వైరులో దారిలో చేరే గరగర రెండు తీగలకూ సమానంగా అంటుతుంది కనుక, తీసివేస్తే గరగర పోతుంది. మైకు తన పాటను రెండో తీగలో తిరగేసి పంపుతుంది కనుక అది మిగులుతుంది. ఇది గొప్ప ఉపాయం, దానికి నేను చేతులెత్తి దండం పెడతాను. అయితే ఫోను జాక్ కొసన ఎడమ పాట ఉంటుంది, దాని కింది రింగులో కుడి పాట ఉంటుంది. ఆ వైరు చేసినవాడు ఎడమను ఒక పిన్నుకూ కుడిని ఇంకో పిన్నుకూ కలిపేశాడు. మిక్సరు ఎడమలోంచి కుడిని తీసేసింది. గాయకుడి గొంతును రికార్డింగులో నడుమ పెడతారు, అంటే రెండు వైపులా సమానంగా ఉంటుంది. సమానమైంది పోయింది. ఎడమా కుడీ తేడా ఉన్న వీణ, తంబురా మిగిలాయి. పాత సినిమా పాట మోనో, అంతా సమానమే, కాబట్టి అంతా పోయింది. తాతయ్య పదం వినడానికి వచ్చిన ముసలివాళ్లు తాతయ్య పదమే లేని వాయిద్యం వింటూ కూర్చున్నారు. నాకు కడుపులో దేవినట్టయింది.

ఆ రాత్రికి ఇంటి నుంచి నా ఇరవై ఐదు వాట్ల సోల్డ్రాన్ ఐరన్ తెప్పించి, ఆ కెనాన్ విప్పాను. ఎడమకు ఒక వెయ్యి ఓముల రెసిస్టరు, కుడికి ఒక వెయ్యి ఓముల రెసిస్టరు. ఆ రెండింటి కొసలనూ కలిపి రెండో పిన్నుకు ఇచ్చాను. ఎర్తును ఒకటో పిన్నుకూ మూడో పిన్నుకూ కలిపాను. మిక్సరు మీద 48 వోల్టుల ఫాంటమ్ బటన్ ఆపేశాను, అది ఫోనుకు పోకూడదు. రెసిస్టర్లు లేకుండా ఎడమ కుడి నేరుగా ముడేస్తే రెండు అవుట్‌పుట్లు ఒకదాన్నొకటి లాగుతాయి, పాట పాడవుతుంది. ఒక్కొక్కటి రూపాయి కూడా చేయని రెండు రెసిస్టర్లు. గొంతు వచ్చింది. ఆ వైరు అమ్మినవాళ్లు పెట్టె మీద స్టీరియో నుంచి మైకు సాకెట్టుకు పనికిరాదని ఒక్క ముక్క అచ్చేసి ఉంటే ఆ పూట అంతమంది తల పట్టుకునేవాళ్లు కాదు.

ఆ కుర్రవాళ్లే పక్కకు నెట్టిన పాత యాంప్లిఫయర్ సంగతీ చెప్పాలి. మా పక్క గుళ్లలో, పెళ్లిళ్ల మైక్‌సెట్టు వాళ్ల దగ్గర ఎక్కడ చూసినా అహూజా కంపెనీ యాంప్లిఫయరే. దాని వెనక స్క్రూల వరుస, ప్రతి స్క్రూ కింద ఏమిటో అచ్చు. 4 ఓములు, 8 ఓములు, 16 ఓములు, 70 వోల్టులు, 100 వోల్టులు. ఊరి చివర చింతచెట్టుకు కట్టిన హారన్ దాకా సన్న తీగ లాగాలంటే 100 వోల్టుల స్క్రూ వాడాలి, హారన్ దగ్గర చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలి. వోల్టేజీ పెంచితే అదే శక్తికి కరెంటు తగ్గుతుంది, తీగలో నష్టం తగ్గుతుంది. శివనసముద్రం నుంచి గనులదాకా కరెంటు పంపినదీ ఈ సూత్రంతోనే. ఎవరో ఆ 100 వోల్టుల స్క్రూకు ఇంట్లో వాడే 8 ఓముల స్పీకరు నేరుగా తగిలించారు, కాయిల్ కాలిపోయింది. అక్షరాలు అక్కడే ఉన్నాయి, చదవడం తప్పిపోయింది. వైరు దూరితే చాలు, పని అయినట్టే అనే అలవాటు ఇంత దూరం వచ్చింది.

ఇంట్లో సంగతి ఇంతకంటే మెరుగేమీ కాదు. మా అమ్మాయి ఇంటి టీవీకి ఈపీ సాకెట్టు లేదు, ఆర్‌సీఏ లేదు. ఆప్టికల్ అని ఒక చిన్న తలుపు ఉంది, అందులో ఎర్ర కాంతి రూపంలో పాట వస్తుంది. 1983లో తోషిబా తెచ్చిన పద్ధతి అది. పాత స్టీరియోకు కలపాలంటే నడుమ ఒక కన్వర్టర్ డబ్బీ కావాలి, కాంతిలోని అంకెలను మళ్లీ పాటగా మార్చేది. డబ్బీ తెచ్చారు, పాట రాలేదు. వైరు కొసకు ఉన్న సన్న ప్లాస్టిక్ టోపీ తీయలేదు. అది తీశాక కూడా రాలేదు. టీవీ సెట్టింగుల్లో శబ్దం డాల్బీలో పోతూ ఉంది, ఆ చవక డబ్బీకి డాల్బీ భాష రాదు. పీసీఎం అని మార్చితే తప్ప పలకదు. ఈ రెండు ముక్కలు డబ్బీతో వచ్చిన కాగితంలో లేవు. కాగితంలో ఉన్నదల్లా వాన నీటిలో ముంచవద్దన్న హెచ్చరిక, అదీ చీమ తలంత అక్షరాల్లో.

ఫోన్లదైతే మరీ అన్యాయం. 2016లో ఐఫోన్ 7 నుంచి ఈపీ జాక్ తీసేశారు, వెనకే మిగతావాళ్లలో చాలామందీ తీసేశారు. ట్రాన్సిస్టరు రేడియోల కాలం నుంచి అందరికీ కుదిరిన ఒకే ఒక్క కంత అది. దాని బదులు టైప్-సి నుంచి ఈపీకి మార్చే తోక అమ్ముతారు. ఆ తోకలు రెండు రకాలు. ఒకదానిలో పాటను మార్చే చిప్పు ఉంటుంది, ఇంకోదానిలో వట్టి తీగలే, ఆ పని ఫోనే చేయాలి. చాలా ఫోన్లు చేయవు. బయటికి రెండూ ఒకటే తెలుపు, ఒకటే పొడవు. బాగేపల్లి అంగట్లో అడిగితే "అన్ని ఫోన్లకూ వస్తాది అన్నా" అంటాడు. ఇంటికొచ్చాక రాదు. ఇయర్‌ఫోన్లలోనూ ఇదే తంటా. నాలుగు భాగాల జాక్‌లో మైకూ ఎర్తూ ఒకరు ఒక వరుసలో పెట్టారు, ఇంకొకరు తిరగేసి పెట్టారు. తప్పు జత పడితే మళ్లీ భజన మందిరంలో జరిగినట్టే, వాయిద్యం ఉంటుంది, గొంతు ఉండదు. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని అని మా అవ్వ అనే మాటకు ఇంతకంటే సాక్ష్యం వద్దు. బ్లూటూత్ వాడుకోమంటారు. వాడుతున్నాం, పనికొస్తుంది. రెండు తరాల కింద కొన్న రికార్డు ప్లేయరుకు మాత్రం బ్లూటూత్ లేదు కదా. హెచ్‌ఎంవీ రికార్డులున్న ఇళ్లు మా పక్క ఊళ్లలో ఇంకా ఉన్నాయి.

ఒక విషయంలో మాత్రం నేను సణగడం కాదు, గట్టిగా చెబుతాను. కొత్త పెట్టె, పాత పెట్టె కలిపినప్పుడు స్పీకర్లో గుయ్యిమని 50 హెర్ట్‌జ్ రొద వస్తుంది. యాంప్లిఫయర్ ఒక ఎర్తుకు, కేబుల్ టీవీ తీగ ఇంకో ఎర్తుకు కలిసి ఉంటే, ఆ రెండింటి నడుమ చిన్న కరెంటు తిరుగుతుంది, అదే ఈ రొద. దీనికి మందు అని చెప్పి మూడు పిన్నుల ప్లగ్గులో పెద్ద పిన్ను విరిచేస్తున్నారు, లేదంటే రెండు పిన్నుల అడాప్టరులో దూర్చేస్తున్నారు. రొద పోతుంది నిజమే. లోపల ఒక తీగ ఛాసిస్‌కు తగిలిన రోజున మనిషి కూడా పోతాడు. అలా పెట్టె ఒంటికి కరెంటు పాకే ప్రమాదం నుంచి మనల్ని కాపాడటానికే ఆ మూడో పిన్ను వచ్చింది. పెట్టెలన్నిటికీ ఒకే ప్లగ్గుబోర్డు నుంచి కరెంటు ఇవ్వండి. అప్పటికీ పోకపోతే పాట వైరు నడుమ చిన్న ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి, బజార్లో దొరుకుతుంది. ఎర్తు పిన్ను జోలికి ఎవరూ పోవద్దు, పిల్లలను పోనివ్వవద్దు.

చింతామణి సాయిబు అంగడి ఇప్పుడు లేదు. ఆ చోట సెల్‌ఫోన్ కవర్లు, స్క్రీను గ్లాసులు అమ్ముతున్నారు. చిక్కబళ్లాపురంలోనూ ఫోను స్క్రీను మార్చేవాళ్లు వరుసగా ఉన్నారు, ఒక ఆర్‌సీఏ పిన్నుకు లెడ్డు వేయమంటే కొత్త వైరు కొనుక్కోమంటారు. వాళ్లను తప్పుపట్టను. ఇరవై రూపాయల పనికి అరగంట కూర్చుంటే వాళ్లకు అద్దె ఎలా గడుస్తుంది? కానీ ఆ ఇరవై రూపాయల పని దొరకకనే, వేలు పోసి కొన్న మంచి యాంప్లిఫయర్లు, టేపు డెక్కులు పాత ఇనుము తూకానికి పోతున్నాయి. చెడిపోయినవి కాదు, ఒక వైరు లేనివి. మా వీధిలోనే ఒక ఇంట్లో తండ్రి గొంతు ఉన్న క్యాసెట్టు ఉంది, ఆయన పాడిన నాటకం పద్యాలు. కురుక్షేత్రంలో కృష్ణుడి వేషం కట్టిన మనిషి. టేపు ఆడుతుంది, మోటారు తిరుగుతుంది, డిన్ సాకెట్టుకు వైరు లేదని ఏళ్లుగా అటక మీద పెట్టారు. అటక మీది నుంచి దించి, ఐదు పిన్నుల్లో మూడు తీగలు కట్టి ఇచ్చాను. కొడుకు విన్నాడు, తర్వాత ఫోనులోకి ఎక్కించుకున్నాడు. ఇంత చిన్న విద్య ఊరికొకరికైనా రాకపోతే ఎన్ని గొంతులు అలా అటకల మీదే పోతాయో!

బాగేపల్లికి, గౌరిబిదనూరుకు నేషనల్ కాలేజీలు తెచ్చిన హెచ్. నరసింహయ్య గారు భౌతికశాస్త్రం చెప్పిన మనిషి, మా జిల్లా హొసూరులో పుట్టినవాడు. ప్రశ్నించకుండా ఏదీ ఒప్పుకోవద్దని జీవితమంతా చెప్పాడు. ఆయన అడుగు పడిన నేల మీద మన పిల్లలు ఒక వైరు చేతిలో పెట్టుకొని ఇందులో ఏ తీగ దేనికి పోతుందని అడగకపోవడం నాకు బాధగా ఉంటుంది. ఐటీఐల్లో, హైస్కూళ్లలో సైన్సు చెప్పే అయ్యవార్లకు నా మనవి ఇది. పిల్లలకు లెడ్డు వేయడం నేర్పండి. ఒక ఆర్‌సీఏ వైరు, ఒక పీ-38 వైరు సొంతంగా కట్టించండి. మీటరుతో ఏ కొస దేనికి కలిసిందో చూపించండి. తయారుచేసేవాళ్లకూ ఒక మాట. సాకెట్టు పక్కన లోపలికా బయటికా అని బాణం గుర్తు వేయండి, ఎన్ని వోల్టులో రాయండి, తెల్లని అక్షరాల్లో, పెద్దగా. కన్నడంలోనో తెలుగులోనో ఒక వాక్యం వేస్తే మీ సొమ్మేమీ పోదు.

ఇది చదివే మీ ఇంట్లో పాత సెట్టు ఉంటే, దాని వైర్లకు ఏది ఎక్కడిదో రాసి చీటీలు కట్టి పెట్టుకోండి. కొత్త వైరు కొనే ముందు అంగడివాణ్ని సాయిబు మూడు ప్రశ్నలూ అడగండి, జవాబు చెప్పలేకపోతే ఇంకో అంగడికి పోండి. బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం పక్క ఎవరింట్లోనైనా వైరు లేక మూలపడిన టేపు డెక్కో రికార్డు ప్లేయరో ఉంటే, తూకానికి వేసేముందు లెడ్డు పని తెలిసినవాళ్లకు ఒకసారి చూపించండి.